ఎవరి వైపు తప్పు

సోమవారం

పొద్దున్న సంచీ ఇంకా బల్ల మీద పెట్టనేలేదు, మేనేజర్ గారు తలుపు దగ్గర ప్రత్యక్షం. "ఏమ్మా, గోడౌన్ మిషను బోర్డు మీద కనపడటం లేదు. ఎవరైనా చంకలో పెట్టుకుపోయారా?" అన్నారు. జోకనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

వెళ్ళి చూశాను. గోడౌన్ మిషను ఎక్కడికీ పోలేదు. లాగిన్ అయి చూస్తే లోపల అన్నీ చక్కగా నడుస్తున్నాయి. మిషన్ల యోగక్షేమాలు చూపించాల్సిన ఆ బోర్డు మీద మాత్రం దాని వరస లేదు. నేను తల గోక్కుంటూ ఉండగానే దానంతటదే వచ్చి కూర్చుంది. హమ్మయ్య అనుకునేలోపు తూకం మిషను పోయింది. అదొచ్చేసరికి బుకింగ్ మిషను పోయింది. పార్శిళ్ళ కంపెనీలో పార్శిళ్ళు పోవడం విన్నాం గానీ కంప్యూటర్లు పోవడం ఎక్కడైనా విన్నామా?

వచ్చీ పోయీ, వచ్చీ పోయీ చేసేది ఎప్పుడైనా నెట్‌వర్కే. ఇందులో అనుమానమే లేదు. మంచినీళ్ళ మిషను దాటి గది ఆ చివరికి వెళ్ళి ఆ మాటే చెప్పాను.

"నెట్‌వర్క్ బాగానే ఉంది మేడమ్," అన్నారు ఈయన, మెడ కూడా తిప్పకుండా.

"ఎలా బాగుంటుంది సార్? మిషన్లు మాయమవుతుంటే!"

"పింగ్ చేశాను. పిలిస్తే అన్నీ పలుకుతున్నాయి. మీ సర్వర్ల వైపు చూసుకోండి."

ఆఫీసులో నేను మేడమ్, ఈయన సార్. ఇంటికి రాగానే నేను 'ఏయ్', ఈయన 'ఏవండీ'. కట్టుకున్నవాడు నెట్‌వర్క్ మనిషి, నేను సర్వర్ మనిషిని. ఈ రెండు జాతులూ పెళ్ళి చేసుకోకూడదని ఎక్కడో ఒక చట్టం ఉండే ఉంటుంది, మాకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "తప్పు నెట్‌వర్క్‌దే" అని ఈ మనిషి నోటి వెంట రాగా వినలేదు. నేను మాత్రం న్యాయం మాట్లాడతాను. ఇప్పటివరకూ తప్పు నా వైపు లేదు కాబట్టి ఒప్పుకునే అవసరం రాలేదు, అంతే.

మంగళవారం

గిన్నెలు నేనే తోమాను.

బుధవారం

నిన్న రాయడానికి ఓపిక లేకపోయింది. గడప దాటి ఇంట్లోకి వచ్చాక ఆఫీసు మాట ఎవరు ఎత్తితే వాళ్ళు ఆ పూట గిన్నెలన్నీ తోమాలి. ఇది మా అత్తయ్య పెట్టిన రూలు. మా ఇద్దరి గోల వినలేక పెట్టారు. నిన్న చెప్పులు విప్పుతూ "పింగ్ పలికితే చాలా ఏమిటి, అదేమన్నా వేదమా" అన్నాను. ఎడమ చెప్పు ఇంకా కాలికే ఉందనీ, లెక్కలోకి రాదనీ చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అత్తయ్య వినలేదు. ఈయన టవలు భుజాన వేసుకుని పాట పాడుకుంటూ స్నానానికి వెళ్ళారు.

ఇవాళ తమాషా ఏమిటంటే అత్తయ్యే అడిగారు. "అది కాదమ్మాయ్, ఆ మిషన్లు అన్ని ఉన్నాయంటావు, మొన్న మీ ఆఫీసుకొస్తే నాకు ఒకటే ఇనప్పెట్టె కనపడిందే?"

"అత్తయ్యా, అది అపార్ట్‌మెంటు లాంటిది. బిల్డింగు ఒకటే, లోపల ఫ్లాట్లు వేరు. ఒక్కో ఫ్లాటూ ఒక్కో కంప్యూటరు. ఎవరి తలుపు వాళ్ళది."

"నీళ్ళ ట్యాంకు ఒకటేనా?"

నిజంగా ఆశ్చర్యపోయాను. "ఒకటేనత్తయ్యా. కరెంటూ ఒకటే. అందరూ పంచుకోవాలి."

"మరి బోర్డేమిటి?"

"ఒక్కో ఫ్లాట్లో ఒక ఏజెంటు ఉంటాడు. అంటే సాఫ్ట్‌వేరు. మనిషి కాదు. వాడు నిమిష నిమిషానికీ, నేను ఫలానా నంబరువాణ్ణి, మా ఇంట్లో అందరూ బాగున్నారు, అని బోర్డుకి హాజరు వేయించుకుంటాడు. ఏ ఫ్లాటుకైనా మందు, అంటే అప్‌డేటు, పంపాలంటే ఆ బోర్డు నుంచే పంపాలి. బోర్డు మీద లేనివాడికి మందు అందదు."

"హాజరు వేయించుకోవడానికి వాడు మెట్లెక్కి రావాలిగా? ఆ మెట్లు ఎవరివి?"

"మీ అబ్బాయివి!" అన్నాను. ఏనుగెక్కినంత సంబరం వేసింది. అడిగింది అత్తయ్య కాబట్టి గిన్నెల రూలు వర్తించదు. ఈయన పేపరు అడ్డం పెట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. పేపరు మాత్రం కాస్త వణికింది.

గురువారం

మీటింగు. ముగ్గురమే. మేనేజర్ గారు, ఈయన, నేను.

పెద్దాఫీసు నుంచి చూడటానికి వస్తున్నారట. వచ్చినవాళ్ళు ముందు బోర్డే చూస్తారు. ప్రతి మిషనుకీ కొత్త అప్‌డేటు అందాలి, ప్రతి వరసా పచ్చగా ఉండాలి. ఇక్కడ చూస్తే సగం మిషన్లు దొంగా పోలీసు ఆడుతున్నాయి.

నేను నా వాదన చెప్పాను. ఈయన తన వాదన చెప్పారు. నేను మళ్ళీ చెప్పాను. కొంచెం గట్టిగా చెప్పి ఉండొచ్చు. మేనేజర్ గారు రెండు చెవుల మీదా చేతులు పెట్టుకున్నారు.

"నేను మీ కుర్చీల్లో ఉన్నప్పుడు ఇలా ఉండేదా? చేతులారా తల్లి మిషను తయారుచేసి ఇచ్చాను. కొత్త మిషను కావాలంటే దాన్నుంచి కాపీ తీసుకుంటే చాలు, ఏజెంటుతో సహా అన్నీ ముందే వేసి పెట్టాను. బంగారు పళ్ళెంలో పెట్టి ఇస్తే ఇదా మీరు చేసేది?"

తల్లి మిషను జోలికి మమ్మల్ని వెళ్ళనివ్వరు. దాని పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉంటుంది. దాన్ని తలుచుకున్నప్పుడు ఆయన గొంతు మెత్తబడుతుంది.

తర్వాత అసలు సంగతి చెప్పారు. కొండ మీద కొత్త బ్రాంచి తెరుస్తున్నారు కదా. అక్కడ అన్నీ నిలబెట్టడానికి ఆరు నెలలు ఉండే మనిషి కావాలట. "ఈ గొడవలో తప్పు ఎవరి వైపు తేలితే వాళ్ళు బస్సెక్కండి. నేను ఎంచనక్కర్లేదు, మీరు కొట్టుకోనక్కర్లేదు. తప్పు నెట్‌వర్క్‌దైతే ఆయన, సర్వర్‌దైతే నువ్వు."

నవ్వుతూనే చెప్పారు. కానీ ఆయన మాటంటే మాటే.

ఆరు నెలలు. సెలవులు ఇవ్వరట. రోజుకి ఒకే బస్సట.

నాకేం దిగులు లేదు. తప్పు నా వైపు లేనప్పుడు నాకెందుకు? వెళ్ళేది ఈయనే. మంచం మొత్తం నాదే. ఫ్యాను నాకిష్టమైన స్పీడులో పెట్టుకుంటాను. గురక లేని నిద్ర. ఆలోచిస్తే ఆరు నెలలు తక్కువే.

శుక్రవారం

సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్ళకి ఫోను చేశాను. పాట వినిపించి వినిపించి చివరికి ఒకబ్బాయి ఎత్తాడు.

"మేడమ్, రీస్టార్ట్ చేసి చూశారా?"

"చూశాను నాయనా."

"ఇంకోసారి చేసి చూస్తారా మేడమ్?"

చేశాను. ఏజెంటుని ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆ మిషను వెంటనే బోర్డు మీదికి వస్తోంది. ఆ అబ్బాయి ఫోన్లోనే చప్పట్లు కొట్టినంత పని చేశాడు. కానీ అది రాగానే ఇంకోటి పోతోంది. దాన్ని పిలిస్తే ఇది పోతోంది. చిన్న దుప్పట్లో తల కప్పితే కాళ్ళు బయటికొచ్చినట్టుంది వ్యవహారం. ఆ మాట చెబితే ఆ అబ్బాయి అవతల ఎవర్నో అడిగి వచ్చాడు. తర్వాత, "మేడమ్, మీ నెట్‌వర్క్ వాళ్ళని అడిగారా?" అన్నాడు.

బంగారం లాంటి అబ్బాయి! స్పీకరు పెట్టి ఆ మాట ఇంకోసారి అనిపించాను, గది ఆ చివరిదాకా వినపడేలా.

ఈయన లేచి వచ్చి ఫోను వైపు వంగి, "నెట్‌వర్క్ బాగానే ఉంది సార్," అన్నారు.

శనివారం

ఆఫీసు లేదు. ఉదయం నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఆ మాటే వస్తుంది, వస్తే గిన్నెలు. అందుకని చిన్నదాన్ని మధ్యలో పెట్టాను.

"అమ్మలూ, నాన్నకి చెప్పు. తలుపు కొడితే పలికినంత మాత్రాన ఇంట్లోవాళ్ళు బాగున్నట్టు కాదని."

అది గెంతుకుంటూ హాల్లోకి వెళ్ళి, గెంతుకుంటూ వచ్చింది. "నాన్న చెప్పమన్నాడు. ఇంట్లోవాళ్ళు బాగాలేకపోతే తలుపు తప్పు కాదంట."

"చెప్పు. గుమ్మం దాటినవాడు మధ్యలో తప్పిపోతే దారిది కాక ఎవరిది తప్పని."

ఇలా ఓ పది ట్రిప్పులు వేసింది. దాని బుగ్గలు ఎర్రబడ్డాయి, దానికి భలే సరదాగా ఉంది. చివరికి అత్తయ్య వంటింట్లోంచి, "కబురు పంపినా ఎత్తినట్టే! ఇద్దరూ తోమండి!" అని తీర్పు చెప్పేశారు. నేను తోముతుంటే ఈయన కడిగారు. పక్కపక్కనే నిలబడి నోరు మెదపకుండా తోముకున్నాం. మోచేతులు తగులుతూనే ఉన్నాయి.

చిన్నది నిద్రపోయే ముందు అడిగింది, ఆరు నెలలంటే ఎన్ని ఆదివారాలని. చాలానే అని చెప్పాను. 'ఎవరు చెప్పారే నీకు?' అంటే, 'నువ్వే నానమ్మతో అన్నావుగా' అంది. నేను అన్నట్టు నాకు గుర్తులేదు.

ఆదివారం

ఈయన ఉన్ని స్వెటరు ఉతికి ఆరేశాను. ఊరికే. అటకమీద దుమ్ము పట్టిపోతోందని.

కొండ మీద చలెక్కువని ఎవరో అన్నారు. అందుకు కాదు.

సోమవారం

గెలిచాను.

మంగళవారం

నిన్న ఆ ఒక్క ముక్క రాసి మూసేశాను. ఇవాళ రాస్తాను.

నిన్న మధ్యాహ్నం మేనేజర్ గారు పిలిచి, "మీ ఆయన ఒప్పేసుకున్నారమ్మా. తప్పు నెట్‌వర్క్‌దేనట. వైర్లన్నీ కలిసే ఏదో స్విచ్చి సరిగ్గా లేదట. పోనీలే, తేలిపోయింది. పెద్దాఫీసు వాళ్ళు వచ్చి వెళ్ళగానే కొండకి పంపిస్తున్నాను," అన్నారు.

నేను ఎగిరి గంతెయ్యాలి కదా. ఎన్నేళ్ళ కల అది! గంతెయ్యలేదు. "అలాగేనండీ" అని వచ్చి కుర్చీలో కూర్చుని, బోర్డు చూశాను. గోడౌన్ ఉంది, తూకం లేదు. కాసేపటికి తూకం ఉంది, గోడౌన్ లేదు. స్విచ్చి బాగుచేస్తే ఇంకా ఎందుకు పోతున్నాయి?

సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పులు విప్పి, గడప దాటి, హాలు మధ్యలో నిలబడి మరీ అడిగాను. గిన్నెలు పోతే పోనీ.

"ఏ స్విచ్చండీ?"

"ఏదో ఒకటి," అన్నారు.

ఏదో ఒకటి! ప్రతి వైరుకీ రెండు కొసలా చీటీ కట్టే మనిషి. ఇంట్లో టీవీ వెనకాల వైర్లకి కూడా రంగు రంగుల టేపులు చుట్టిన మనిషి. కూరల సంచీలో ఏది ఏ అరలో ఉందో చెప్పే మనిషి. ఏదో ఒక స్విచ్చట!

"మీరు అబద్ధం చెప్పారు," అన్నాను.

ఈయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, "ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. నువ్వు మలుపుల్లో బస్సెక్కితే రెండో మలుపుకే కళ్ళు తిరిగి పడిపోతావు. చిన్నది నువ్వు పక్కన లేకపోతే నిద్రపోదు. నాకేం, ఎక్కడైనా పడుకుంటాను," అన్నారు.

"అందుకని నెట్‌వర్క్‌ది తప్పని చెప్తారా? తప్పు కానిదాన్ని?"

"చెప్పాను. అయిపోయింది. వదిలెయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను అడిగారా? నేను గెలవలేననుకున్నారా? నాకు దానంగా ఎవరు ఇమ్మన్నారు? ఈ మాటలన్నీ గట్టిగానే అన్నాను. అని, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ముందేసుకుని ఏడ్చాను. ఈయనకి ఈ ఉద్యోగంలో ఉన్న గర్వం అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అది తీసుకెళ్ళి మేనేజర్ గారి బల్ల మీద పెట్టేశారు, నాకు కళ్ళు తిరుగుతాయని.

మంచం మొత్తం నాదేనని రాశానే మొన్న. ఆ పేజీ చింపేద్దామనిపించింది. చింపలేదు. ఉండనీ, నా బుద్ధి నాకే తెలియాలి.

ఈయన్ని కొండెక్కనివ్వను. అసలు తప్పు ఎక్కడుందో పట్టుకుని తీరతాను. అది నా వైపే తేలితే నేనే వెళ్తాను, ప్రతి మలుపుకీ ఒక సంచీ పట్టుకుని కూర్చుంటాను.

బుధవారం

దొరికింది! దొరికింది! దొరికింది!

అక్షరాలు ఎలా వంకరపోతున్నాయో చూడు.

మధ్యాహ్నం గోడౌన్ వాళ్ళు భోజనానికి వెళ్ళి, తూకాలు ఆగినప్పుడు, వాళ్ళకి చెప్పి తూకం మిషన్ని పూర్తిగా ఆపేశాను. రీస్టార్టు కాదు, మొత్తం ఆపడమే. అప్పటికి బోర్డు మీద తూకం పచ్చగా ఉంది. ఇక ఎర్రబడాలి కదా, లోపల ప్రాణమే లేదు. చూస్తూ కూర్చున్నాను. ఎర్రబడలేదు. పచ్చగానే ఉంది. తప్పు నెట్‌వర్క్‌దైనా, సర్వర్‌దైనా, ఆగిపోయిన మిషను హాజరు ఎలా వేయించుకుంటుంది?

కాసేపటికి ఆ వరసలో పేరు మారింది. 'తూకం' పోయి 'గోడౌన్' అయింది. వరస అదే. పక్కనున్న ఏజెంటు నంబరు అదే. పేరు మాత్రం మారింది.

నంబరు కాగితం మీద రాసుకుని, గోడౌన్ మిషను లోపలికి వెళ్ళి దాని ఏజెంటు నంబరు చూశాను. అదే. బుకింగ్ మిషను చూశాను. అదే! ట్రాకింగ్ మిషను, అదే! ఒకే నంబరుతో అందరూ హాజరు పలుకుతున్నారు. బోర్డు పాపం ఏం చేస్తుంది, ఈ నంబరు మనిషి ఒకడేననుకుని ఎవడు ఆఖరున పలికితే వాడి పేరు రాస్తోంది. మిషన్లు మాయమవ్వనే లేదు. ఒకదాని మీద ఒకటి కూర్చుంటున్నాయి.

తూకం మిషన్ని మళ్ళీ నడిపించి, గది ఆ చివరికి పరిగెత్తాను. మంచినీళ్ళ మిషనుకి మోకాలు కొట్టుకుంది. "సార్! నెట్‌వర్క్ బాగానే ఉంది!" అని అరిచాను.

ఈయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. నా నుదురు పట్టుకుని చూద్దామన్నట్టు చెయ్యి కూడా ఎత్తారు. కూర్చోబెట్టి అంతా చెప్పాను. విని, తన వైపు నుంచి కూడా తేల్చాలని పట్టుబట్టారు. ఒక్కో మిషను నుంచి బోర్డుకి వెళ్ళే దారీ మూసి, తెరిచి, బోర్డు చూశారు. గోడౌన్ దారి మూస్తే ఆ వరసలో తూకం పేరు వచ్చింది. రెండూ మూస్తే బుకింగ్ పేరు వచ్చింది. ఈయన మొహం వెలిగిపోయింది.

"మీ సర్వర్లు కూడా బాగానే ఉన్నాయి మేడమ్," అన్నారు.

ఇద్దరం ఒకేసారి నవ్వడం మొదలుపెట్టాం. తర్వాత ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. పాత మిషన్లన్నిటికీ వేరు వేరు నంబర్లున్నాయి. తల్లి మిషను నుంచి కాపీ తీసినవాటికే ఒకే నంబరు. ఏజెంటు మొదటిసారి నిద్ర లేచినప్పుడు నంబరు పుట్టించుకుంటాడు. తల్లి మిషనులో ఏజెంటుని వేసి, ఒకసారి లేపి, నంబరు పుట్టాక కాపీలు తీస్తే, కాపీలన్నీ ఆ నంబరుతోనే పుడతాయి.

తల్లి మిషను ఎవరిది?

గురువారం

"మీరు చెప్పండి మేడమ్. కనిపెట్టింది మీరు."

"మీరు చెప్పండి సార్. మీరు పెద్దవారు."

"మీరు బాగా మాట్లాడతారు."

"మీరు అబద్ధాలు కూడా చెప్పగలరు!"

ఇలా మేనేజర్ గారి తలుపు బయట తోసుకుంటూ ఉంటే ఆయనే తలుపు తీశారు. నేనే చెప్పాను. తూకం మిషను ఆపడం దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. తల్లి మిషను అనే మాట దగ్గరికొచ్చేసరికి ఈయన్ని మోచేత్తో పొడిచాను. మిగతాది ఈయన అందుకున్నారు.

మేనేజర్ గారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. పని తగ్గించాలని ఎంతో ప్రేమగా ఏజెంటుని ముందే వేసి పెట్టిన మనిషి. అదే అందరి కొంపా ముంచిందని ఆయనకి చెప్పాల్సి రావడం నాకు నచ్చలేదు.

"అంటే," అన్నారు, "నా పిల్లలందరికీ నేనే ఒకే పేరు పెట్టి, మీరెవరూ వాళ్ళని గుర్తుపట్టడం లేదని తిట్టానన్నమాట."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఈయన వైపు తిరిగారు.

"మరి నెట్‌వర్క్‌ది తప్పని ఎందుకు చెప్పావయ్యా నువ్వు?"

ఈయన తల దించుకున్నారు. మేనేజర్ గారు ఈయన్ని చూశారు, నన్ను చూశారు. ఆయనకి అర్థమైంది. పడీ పడీ నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "సరే, మాటంటే మాటే. తప్పు నా వైపు తేలింది, కొండకి నేను వెళ్తాను," అన్నారు. అమ్మయ్య అని నేను ఊపిరి వదిలేలోపు వేలెత్తారు. "ఆగు. రేపు పెద్దాఫీసు ఆవిడ వస్తోంది. అప్పటికి ప్రతి మిషనూ బోర్డు మీద ఉండాలి. ఒక్కటి తగ్గిందా, అది ఎవరి వైపుదైతే వాళ్ళు నాతో పాటు బస్సెక్కుతారు. ఆరు నెలలు నాకు వంట ఎవరు చేస్తారు మరి?"

నవ్వుతూనే అన్నారు. నిన్నటిదాకా నవ్వుతూ అన్నవేవీ ఆయన వెనక్కి తీసుకోలేదు.

మిగతా రోజంతా ఒక్కో మిషనూ తెరిచి, ఏజెంటుని ఆపి, పాత నంబరు చెరిపేసి, మళ్ళీ లేపడం. లేవగానే ఎవడి నంబరు వాడు పుట్టించుకుంటాడు. నేను చెరుపుతుంటే ఈయన పక్కన కుర్చీ వేసుకుని పేర్లు చదివారు. తల్లి మిషను నంబరు మాత్రం మేనేజర్ గారే వచ్చి తన చేత్తో చెరిపారు. మేం అటు తిరిగి నిలబడ్డాం. అప్పటికే పొద్దుపోయింది, బోర్డు మీద వరసలు లెక్కపెట్టకుండానే ఇంటికొచ్చేశాం.

ఇంట్లో ఆఫీసు మాటలే మాటలు. అన్నం తింటూ, టీ తాగుతూ, చిన్నదాని జడలు వేస్తూ కూడా. అత్తయ్య తనే లేచి గిన్నెలు తోముకుంటూ, "మరి ఆ నంబరు రెండోసారి పుట్టదు కదా?" అని అడిగారు.

శుక్రవారం

పెద్దాఫీసు ఆవిడ పొద్దున్నే వచ్చారు. పొట్టి జుట్టు, చేతిలో ఫైలు, టీ వద్దన్నారు. బోర్డు ముందు కుర్చీ వేశాం. మేనేజర్ గారు ఒక పక్క, మేమిద్దరం వెనకాల.

బోర్డు తెరిచాను. గోడౌన్, తూకం, బుకింగ్, అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తన వరసలో తను, తన నంబరుతో తను. ఆవిడ ఫైలుతో పోల్చుకుంటూ కిందికి వచ్చారు. చివర్లో వేలు ఆగింది.

"ట్రాకింగ్ ఏది?"

లేదు.

నా కంప్యూటరు దగ్గరికి వెళ్ళి ట్రాకింగ్ మిషను తెరిచాను. ఏజెంటు లేచే ఉన్నాడు. కొత్త నంబరు ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. వాడు రాసుకున్న ఆఖరి ముక్క మాత్రం, 'బోర్డు దాకా దారి లేదు' అని.

దారి లేదు. అంటే మొన్న దారులు మూసి తెరిచి చూసినప్పుడు, ఈ ఒక్కటి తెరవడం మర్చిపోయారు. నా మొగుడు. ప్రతి వైరుకీ రెండు కొసలా చీటీ కట్టే మొగుడు.

వెనక్కి తిరిగి చూశాను. ఈయన చెవులు ఎర్రగా ఉన్నాయి. ఈయనకి తెలిసిపోయింది.

"ఇది ఎవరి వైపు?" అన్నారు మేనేజర్ గారు. గొంతులో నవ్వు లేదు.

"నెట్‌వర్క్ బాగానే ఉంది సార్," అన్నారు ఈయన. అలవాటు. తుమ్మొచ్చినట్టు వచ్చేసింది. అబద్ధమని తెలిసి, మింగలేక కక్కలేక అలా నిలబడిపోయారు. తప్పు లేనప్పుడు ఉందని చెప్పి, ఉన్నప్పుడు లేదని చెప్పే మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉంటాడు, ఆయన్ని నాకిచ్చి చేశారు.

నేను నిజం చెప్పొచ్చు. ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్న రోజు. తెరమీద సాక్ష్యం కూడా ఉంది. చెబితే ఈయన బస్సెక్కుతారు.

"నా వైపేనండీ," అన్నాను. "సర్వర్‌దే తప్పు. రెండు నిమిషాలివ్వండి, సరిచేస్తాను."

నా నోటితో నేనే అన్నాను. ఆ రెండు నిమిషాల్లో రాకపోతే నేను సామాను సర్దుకోవాలి. సరిచెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను చెయ్యగలిగిందల్లా కీబోర్డు మీద చేతులు పెట్టి ఏదో చేస్తున్నట్టు కూర్చోవడమే.

ఈయన నన్ను చూశారు. అంత తెల్లబోయిన మొహం నేనెప్పుడూ చూడలేదు, పెళ్ళి చూపుల్లో కూడా. తర్వాత "మంచినీళ్ళు తెస్తాను" అని గొణిగి గది ఆ చివరికి నడిచారు. పరిగెత్తలేదు. పరిగెత్తకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో నడకలోనే తెలిసింది.

నేను టకటకా టైపు చేశాను. ఏం టైపు చేశానో చెప్పను. చిన్నదాని స్కూల్ ప్రార్థన.

గది చివర్లో ఒక మౌసు క్లిక్కుమంది. బోర్డు మీద, అన్నిటికంటే కింద, ఒక వరస వచ్చింది. ట్రాకింగ్. పచ్చగా.

ఆవిడ ఫైలు మూసి, "బాగుంది. ఇప్పుడు టీ ఇస్తే తాగుతాను," అన్నారు.

"ఏం చేశావమ్మా?" అన్నారు మేనేజర్ గారు.

"రీస్టార్ట్ చేశానండీ."

ఆయన గది ఆ చివరి వైపు చూశారు. గ్లాసు లేకుండా వట్టి చేతులతో వస్తున్న మంచినీళ్ళ మనిషిని చూశారు. "నా బస్సు టికెట్టు ఒకటి చాలన్నమాట," అని ఆవిడ వెంట వెళ్ళిపోయారు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. ఈయన నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఫ్యాను చప్పుడు, ఇనప్పెట్టె చప్పుడు.

"తప్పు నెట్‌వర్క్‌దే," అన్నారు మెల్లగా. "ఆ దారి నేనే మూసి మర్చిపోయాను."

ఈసారి నిజం. ఎవరినీ కాపాడటానికి కాదు, ఎక్కడికీ వెళ్ళడానికి కాదు. నాకు చెప్పాలనిపించి చెప్పారు. దీనికోసం ఇన్నేళ్ళు కాచుకుని కూర్చున్నాను కదా, ఆ మాట వినగానే ఏమేం అనాలో ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

చెయ్యి వెనక్కి చాచి ఈయన చెయ్యి పట్టుకున్నాను. ఆఫీసులోనే, పట్టపగలే.